అడుగున సిమెంటు వద్దన్న సయామా

2018 జూలై. యాంగోన్‌లో వాన మనిషిని వదలని నెల. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో యూదుల పాత శ్మశానం ఒకటుంది. సమాధులు చాలా, వచ్చే మనుషులు తక్కువ. నేను సమాధులు కట్టే మేస్త్రీని. హిందువులవీ క్రైస్తవులవీ ముస్లింలవీ కట్టాను, యూదులవి బాగుచేశాను. నలభై దాటాక మా గుడి సాయంకాలం బడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. రాత వంకరగా ఉంటే సర్దుకోండి. మాట వంకర లేకుండా చెబుతాను.

ముందు పని సంగతి. ఈ ఊరి నేల జిగటమన్ను. వానాకాలంలో మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అందుకని గొయ్యి అడుగున కాంక్రీటు పలక పోస్తాం. దాన్ని బెడ్ అంటాం. చుట్టూ ఇటుక కట్టు లైనింగ్. ఈ రెండూ ఉంటే పెట్టె కదలదు, మట్టిలో కలవదు. కావాలంటే ఎన్నేళ్ళకైనా పైపలక ఎత్తి తీసుకోవచ్చు.

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక ముసలావిడ రిక్షా దిగి, తన సమాధి తనే పురమాయించుకోడానికి వచ్చింది. పేరు డా ఎస్తేర్, డా అంటే ఇక్కడ పెద్ద ఆడవాళ్ళకి 'గారు'. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అందరూ సయామా అనేవారు, పంతులమ్మ అని. తోడు థీడా అనే బర్మా పిల్ల. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకుంది, ఇప్పుడు ఆవిడకి వండిపెడుతోంది. నేను టేపుతో కొలుస్తుంటే సయామా, నా పేరు ముందు మర్యాదకి 'ఊ' చేర్చి, బర్మాలో అంది:

"ఊ అప్పన్నా, అడుగున సిమెంటు వద్దు. వీపు మట్టికి తగలాలి. అది మా ఆచారం. పెట్టెకి కూడా కింద చిల్లులు పెట్టిస్తున్నాను."

"నీళ్ళు ఊరతాయి సయామా."

"ఊరనీ. ఈ వానలోనే బతుకంతా గొడుగేసుకుని బడికి నడిచాను. ఇప్పుడు తడిస్తే జలుబు చేస్తుందా?"

థీడా నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

సయామా సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసింది. వాళ్ళ పుణ్యభూమి మట్టి. ఎప్పుడో వాళ్ళ అన్న తెచ్చి ఇచ్చాడట. పరదేశంలో పోయినవాళ్ళ తల కింద ఆ మట్టి పెడితే, అక్కడ పడుకున్నట్టే లెక్కట.

నాకు నోరు ఆగదు. అడిగేశాను. "అంత ప్రేముంటే అక్కడికే పోవచ్చు కదా? మీవాళ్ళందరూ వెళ్ళారుగా?"

కోపం తెచ్చుకోలేదు. "ప్రార్థనకి నిలబడితే అటే తిరుగుతాను. ఈ ఊరు మోకాల్లోతు మునిగి ఉన్నప్పుడు మేం అక్కడ పైరు మీద మంచు కురవాలని ప్రార్థిస్తాం, తెలుసా? అక్కడది ఎండాకాలం మరి. అంత గట్టిగా కట్టుబడ్డాం ఆ నేలకి. కానీ అదీ మాది కాదు. భూమి దేవుడిది, మేం అద్దెకున్నవాళ్ళం అని మా శాస్త్రం. ఏడేళ్ళకోసారి దున్నకుండా వదలాలి, ఆ ఏడు పండింది పేదలూ పశువులూ తినాలి. అన్యాయం చేస్తే ఆ నేల కక్కేస్తుంది. మావాళ్ళనైనా సరే, కక్కేస్తుంది."

"మరి ఈ నేల?"

"మా తాత బాగ్దాదు నుంచి ఇక్కడికి వ్యాపారానికొచ్చాడు. పరాయి ఊళ్ళో ఉంటే ఇల్లు కట్టుకో, తోట వేసుకో, ఆ ఊరి మంచి కోరు అని మా పెద్దల మాట. కోరాను. ఇక్కడే పడుకుంటాను. మళ్ళీ ఎవరూ కదపొద్దు. థీడా, నువ్వూ విన్నావుగా?"

వింది. నేనూ విన్నాను.

జూలైలో ఒక గురువారం సాయంత్రం సయామా పోయింది. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ళకి సబ్బాతు, పని ముట్టని విశ్రాంతి దినం, మొదలు, ఇక ఆదివారం దాకా పాతిపెట్టరు. శుక్రవారం పొద్దున నేను నది అవతల తన్లిన్‌లో ఒక గోడ పని మీద ఉన్నాను. థీడా ఫోను చేసింది. నన్ను ఊలే అంటుంది, బాబాయ్ అని. "ఊలే, తొందరగా రా. అడుగున సిమెంటు పోస్తున్నారు."

బస్సెక్కి వంతెన దాటి వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. గోతిలో బెడ్ పోసేసి ఉంది. గట్టు మీద ఈ శ్మశానం పనులు గుత్తకి తీసుకున్న కాంట్రాక్టరు పైడయ్య, కిళ్ళీ నములుతూ. మావాడే, వరసకి మేనల్లుడు.

"ఏట్రా ఇది?"

"ఆవిడ అన్నకొడుకు ఆళ్ళ దేశం నుంచి ఫోన్ చేసినాడు మావా. బెడ్డు పొయ్యమన్నాడు. రెండేళ్ళు పోయాక ఎముకలు అటు తీసుకుపోతాడంట."

"ఆవిడ వద్దంది."

"పోయినావిడ వద్దంటే ఎలాగ? ఆళ్ళకి సొంత దేశం ఉంది కదా. ఇక్కడేటి పని ఆళ్ళకి?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. వీడి తాతా మా తాతా విశాఖ నుంచి ఒక్క పడవలో వచ్చి ఇదే రేవులో బియ్యం బస్తాలు మోశారు. మూడు తరాలైంది. ఇంకా సందులో ఎవడో ఒకడు మమ్మల్ని 'కలా' అంటాడు, పరదేశీ, నీ దేశం పో అన్నట్టు. విశాఖ నుంచి చుట్టాలొస్తే వాళ్ళూ అదే పాట, ఇంకా ఇక్కడెందుకున్నారని. ఆ మాట పడీ పడీ అరిగిపోయిన ఇంట్లో పుట్టినవాడు, దాన్నే తీసి ఒక చచ్చిపోయిన పంతులమ్మ మీద విసురుతాడా?

"నీకూ సొంత దేశం ఉందంటారు కదరా. ఎల్తావేటి? టికెట్టు కొనమంటావా?"

"నామీదెందుకు అరుస్తావు మావా? పని చెప్పినాడు, చేసినాను."

వాళ్ళ ప్రార్థన చదివే పెద్దాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన్ని అడిగాను. "ఎముకలు అక్కడికి తీసుకెళ్ళడం మాలో తప్పు కాదు, పుణ్యం. మా పూర్వులు చేశారు," అన్నాడు. "కానీ ఆ మాట ఆవిడ అనాలి. నాతో కూడా ఇక్కడే ఉంటానంది."

థీడా, సయామా అన్నకొడుక్కి ఫోన్ కలిపి, మొహం కనబడేలా నాకిచ్చింది. చిన్నప్పుడే ఈ ఊరు విడిచిపోయిన మనిషి. నెత్తి నెరిసింది గాని బర్మా మాట చిన్నపిల్లాడిదే.

"మా అత్త అక్కడ చిక్కుకుపోయింది. అది ఆవిడ చోటు కాదు," అన్నాడు.

"బతుకంతా చిక్కుకుపోతారా ఎవరైనా? ఇష్టపడి ఉండిపోయింది అనడానికి నోరు రాదా మీకు?"

కళ్ళు తుడుచుకున్నాడు. "నీ తర్వాత అక్కడికి ఎవరొస్తారు? ఆ రాయి మీద మా అక్షరాలు చదివేవాడు ఒక్కడు మిగులుతాడా? ఇక్కడైతే నలుగురం ఉన్నాం."

అతని బాధ నిజమే. కానీ బాధ ఉందని ఆవిడ మాట చెరిపేస్తామా? ఫోను థీడా చేతికిచ్చేశాను.

థీడా అతనితో మెల్లగా అంది, "నాతో చెప్పింది. కదపొద్దంది." తర్వాత నావైపు తిరిగి, "ఊలే, తవ్వండి," అంది.

కాంక్రీటు గట్టిపడ్డాన్ని సెట్టింగ్ అంటాం. పొద్దున పోసింది, పైగా వాన తేమ. పైన పెచ్చు కట్టింది గాని లోపల ఇంకా పచ్చిగానే ఉంది. పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగి గునపం వేశాను. నా వయసుకి చెయ్యాల్సిన పని కాదు. కోపం చేయించింది. పెళ్ళలు తట్టకెత్తి పైకి అందిస్తుంటే కాసేపటికి పైడయ్య కిళ్ళీ ఉమ్మి, చెప్పులు విడిచి తనూ దిగాడు.

"నడుం పట్టేస్తాది, పైకి పో మావా," అన్నాడు. నేను పోలేదు.

మన్ను బయటపడగానే నీరు ఊరింది. బకెట్లతో తోడాం. పొద్దు వాలకముందే పెట్టె దింపారు. ప్రార్థనకి పదిమంది యూదు మగవాళ్ళుండాలట. అంతమంది దొరకలేదు, ఉన్నవాళ్ళతో చదవగలిగింది చదివారు. గుడ్డమూటలో మట్టిని పెద్దాయన అంతకుముందే తల కింద పెట్టాడు. ఈ మన్నూ నీరూ చిల్లుల్లోంచి ఆవిడ దగ్గరకి పోయాయి. అన్నకొడుకు ఫోనులో చివరిదాకా చూశాడు. ఆపమని మాత్రం అనలేదు.

మరుసటి ఏడు పైడయ్య తండ్రి పోయాడు. చితాభస్మం గోదావరిలో కలపాలని ఊరి నుంచి చుట్టాలు ఫోన్ల మీద ఫోన్లు. పైడయ్య వినలేదు. "మా అయ్య రోజూ ఈ ఊరి చిమిండైంగ్ రేవులో మునిగినోడు. ఆడే కలుపుతాను. నా అయ్య ఎక్కడోడో నాకు చెప్తారేటి?" అని అందరి ముందూ అరిచాడు.

పక్కనే ఉన్నాను. సంతోషం రాలేదు నాకు, కోపమే వచ్చింది. తన తండ్రి బూడిద తన చేతికొస్తే తప్ప మనిషికి ఎదుటివాళ్ళ మన్ను అర్థం కాదా?

సయామా సమాధి నాకు నేర్పింది ఇదీ. అప్పటినుంచి సమాధి పని ఒప్పుకునేముందు, అందులో పడుకోబోయే మనిషి బతికుంటే ఆ మనిషినే అడుగుతాను, అడుగున బెడ్ కావాలా, మన్ను కావాలా అని. ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి, వాళ్ళు వింటుండగా అడుగుతాను. కొందరు అశుభం అని కసురుకుంటారు. కసురుకోనీ. ఎవరు ఏ నేలవాళ్ళో చెప్పే హక్కు అన్నకొడుక్కీ లేదు, కాంట్రాక్టరుకీ లేదు, గునపం పట్టుకున్న నాకూ లేదు.