ఎవరూ పిలవని బేరం

ఫినాయిల్ వాసన తగిలితే చాలు, అమ్మ మెస్సులో వంట చేసిన నర్సింగ్ స్కూలు గుర్తొస్తుంది. అక్కకు అక్కడే సీటొచ్చింది. సిబ్బంది పిల్లలకు ఫీజు మాఫీ ఉందని అమ్మ ఆశపడింది.

“కాంట్రాక్టు వాళ్లకు వర్తించదమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“మీ కాళ్లు పట్టుకుంటానండి. మాఫీ లేకపోతే నా బిడ్డ చదువు ఆగిపోద్దండి,” అని అమ్మ ఏడ్చింది.

నేను మిర్చి యార్డు దగ్గర మామయ్య కొట్టులో పెరిగిన గడుగ్గాయిని. కాదన్నారంటే బేరం మొదలైనట్టేనని, లేచి వెళ్లిపోతే వెనక్కి పిలుస్తారని నా నమ్మకం. అమ్మ కొంగు లాగాను.

“పదమ్మా, వాళ్లే పిలుస్తారు చూడు!”

గేటు దాకా కావాలనే మెల్లగా నడిపించాను. ఎవరూ పిలవలేదు. అక్క పత్తి తీయడానికి కూలికి పోయింది.

బేరాల్లో నన్ను మించినవాళ్లు లేరంటారు ఇప్పుడు. ఏ కొట్టు మెట్లు దిగినా నాకు మాత్రం, ఆ రోజు గేటు దగ్గర ఆగి వెనక్కి చూసిన అమ్మే కనిపిస్తుంది.