పటిక వేసిన సీసా

ఆ రోజుల్లో నాతో నోరు విప్పి మాట్లాడేవాళ్ళందరూ చేతిలో సీసాతోనే వచ్చేవారు (అపార్థం చేసుకోకండి, వాటిలో ఉండేవి చేపల చెరువుల నీళ్ళు!). భీమడోలులో నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో నా మొదటి ఉద్యోగం. పెంటపాడు నుంచి వచ్చి అద్దెగదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నేను చుక్క చుక్కగా మందు వదులుతూ పరీక్ష చేస్తుంటే, రైతులు బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పేవారు. ఆ కబుర్లలో పడి చుక్క ఎక్కువైపోవడం, మళ్ళీ మొదలెట్టడం నాకు మామూలే. (ఒక్కోసారి కావాలనే ఎక్కువ వేసేదాన్ని.)

అంతలో ఒక కంపెనీవాళ్ళు మా ల్యాబుతో కలిసి, పరీక్షలన్నీ తానే చేసుకునే మిషను తెచ్చిపెట్టారు. రెండు నెలలపాటు రైతులు రెండేసి సీసాలు తేవాలి, ఒకటి దానికి, ఒకటి నాకు. మా ఇద్దరి లెక్కలూ కలిస్తే మిషను ఉంటుంది, నేను ఏలూరు ఆఫీసుకి పోవాలి. ఫలితం ఫోనుకే వస్తుండడంతో రైతులు సీసాలు పెట్టేసి వెళ్ళిపోయేవారు. మాట్లాడే దిక్కు లేక ఆ మిషనునే "టిఫిను చేశారాండీ?" అని అడిగేదాన్ని. ఆ ఒంటరితనం పగవాళ్ళకి కూడా వద్దు.

అన్ని చెరువుల లెక్కలూ కలిశాయి, గుండుగొలను నుంచి వచ్చే పెద్ద రైతు, నేను బాబాయిగారూ అని పిలిచే ఆయన చెరువు తప్ప. క్షారత దానికి ఎక్కువ, నాకు తక్కువ. "ఇది తేలకపోతే మిషను వెనక్కి పట్టుకుపోవాలండీ" అని కంపెనీ ఇంజనీరుగారు దిగులుపడ్డారు. నాకు లోపల పండగే!

మర్నాడు బాబాయిగారు సీసాలు దింపుతుంటే చూద్దును కదా, మిషను సీసా బురద బురదగా ఉంది, నాది తేటగా ఉంది. (మిషను సీసాలు తిన్నగా దాని పెట్టెలోకే పోయేవి, నేనెప్పుడూ చూడలేదు.)

"ఇదేంటండీ బాబాయిగారూ?"

"మిషనుకేం తెలుస్తుందండీ! మీరు మనిషి కదండీ. ఆ బురద వాసన రోజంతా ఏం భరిస్తారని, మీ సీసాలో కాస్త పటిక వేసి తేర్చి తెస్తున్నానండీ."

పటిక పడితే క్షారత తగ్గక ఏమవుతుంది! నోరు మూసుకుంటే నా స్టూలు నాకుంటుంది. కానీ ఆయన మిషనుని కాకుండా నన్ను నమ్మి, క్షారత పెంచాలని చెరువులో సున్నం మీద సున్నం చల్లుతున్నారు. ఇంకొన్నాళ్ళు పోతే చేపలు తేలిపోతాయి. అప్పుడే ఇంజనీరుగారికి ఫోను చేసి, మిషనుదే సరైన లెక్కని చెప్పేశాను. ఫోను పెట్టేసి ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను కూడా.

ఇప్పుడు ఏలూరులో నా కింద అలాంటి మిషన్లు నాలుగున్నాయి. (ఎవరూ లేనప్పుడు టిఫిను సంగతి ఇప్పటికీ అడుగుతాను.) సీసాలన్నీ సీలుతో వస్తాయి, అన్నిట్లోనూ ఒకే బురద. కావాలని చుక్క ఎక్కువ వేసిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటూనే, ఒక్కో సీసానీ వెలుతురుకెత్తి చూస్తాను, ఏదైనా తేటగా ఉందేమోనని.