నేను వాడిన మాట

నిన్న పొద్దున మా మనవరాలు వరండాలో కూర్చుని, కుండీలో తల వాల్చేసిన బంతిమొక్క గురించి బడికి ఇవ్వాల్సిన ఇంగ్లీషు వ్యాసాన్ని ఫోనులో కొట్టుకుంటూ ఉంటే, ఒక మాటకు బదులుగా ఆ ఫోను ఇంకో నాలుగు మాటలు చూపించింది. వాటిలో ‘విల్టెడ్’, ‘విథర్డ్’ పక్కపక్కనే ఉన్నాయి. ఏదైతేనేం తాతా, రెండూ ఒకటే కదా అంది. ఆ రెండు మాటలూ ఒకచోట కనబడితే నేను ఇప్పటికీ ఆగి, ఒక్కోదాన్నీ రెండోసారి చదువుతాను.

టైపు మిషను మీద వేళ్లు అరగదీసుకున్న నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది. నేను తాలూకా ఆఫీసులో కొత్తగా టైపిస్టుగా చేరిన రోజుల్లో, పల్లెల నుంచి తెలుగులో వచ్చే పంటల నివేదికలను ఇంగ్లీషులోకి మార్చి జిల్లాకు పంపడం నా పని. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కాస్త గర్వం కూడా ఉండేది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. కుందుర్పి పక్కన ఉన్న మా ఊరి కాగితంలో ‘వేరుశనగ పైరు ఎండిపోయినది’ అని ఉంటే, నేను డిక్షనరీ తిరగేసి, రెండు మాటలకూ ఒకే అర్థమనుకుని, ‘విథర్డ్’ అనాల్సిన చోట, చెవికి ఇంపుగా ఉందని ‘విల్టెడ్’ అని కొట్టాను.

ఆ మాట చదివి, ఉత్తినే వాడిన పైరని, వాన పడితే మళ్లీ లేస్తుందని జిల్లాలో అనుకున్నారు. పక్క ఊళ్లకు పశువుల గడ్డి వచ్చింది, మా ఊరి పేరు జాబితాలో లేదు. తప్పు దిద్ది ఇంకో కాగితం పంపాను గానీ, దానికి జవాబు వచ్చేలోగానే మా నాయన మేత లేక రెండు ఎద్దులనూ సంతకు తోలుకుపోయాడు. వాటిని కొన్నవాడు సేద్యగాడు కాదు.

ఒట్టి పలుపుతాళ్లు భుజాన వేసుకుని తిరిగొచ్చిన నాయనతో నా తప్పు ఒప్పుకున్నాను. తిడతాడనుకుంటే, అరుగు మీద కూలబడి, ‘‘వాడింది అంటే నీళ్లు పడితే లేస్తాదప్పా. ఎండింది అంటే పోయినట్టే. చేన్లో పుట్టినోనివి, ఈ తేడా నీకు యాడ పాయె?’’ అన్నాడు. అంతే, మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు, ఊళ్లో ఎవరికీ చెప్పనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత ఉద్యోగమంతా ప్రతి మాటనూ రెండుసార్లు చూసి కొట్టి కొట్టి అలసిపోయాను. ఇప్పుడు పైరు ఫొటోలు ఆకాశం నుంచే తీస్తారట, మాట కోసం ఎవరూ తడుముకోనక్కర్లేదట. పోనీలే అనుకుని, ఆ బంతిమొక్క వాడిందా ఎండిందా చెప్పమ్మా అని మనవరాలిని తెలుగులోనే అడిగాను. రెండూ డ్రై అయిపోవడమే కదా తాతా అంది. నాకు ఇంగ్లీషులో చిక్కని తేడా ఆ పిల్లకు తెలుగులోనే లేదు. చెప్పే ఓపిక లేక, చెంబెడు నీళ్లు తెచ్చి కుండీలో పోశాను.

సాయంత్రానికి మొక్క తలెత్తింది. దాన్ని చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చుని, నాయన ఆ పలుపుతాళ్లు ఎక్కడ పెట్టాడో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాలేదు.