పదకొండు రాళ్ల గాలి

మా హాల్లో ఫ్యాన్ రెగ్యులేటరు మీద ఐదు అంకెలున్నాయి. ఒకటి నుంచి నాలుగు దాకా ఎక్కడ పెట్టినా ఒకటే గాలి. దాన్ని గాలి అనడం కూడా మర్యాద కోసమే. ఐదులో పెడితే మాత్రం టీపాయ్ మీది పేపరు లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది, గోడకున్న క్యాలెండరు రెండు నెలలు ముందుకు తిరుగుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. అతను ఐదు అంకెలూ తిప్పి చూసి, తిరుగుతోంది కదండీ అన్నాడు. మధ్యస్థంగా తిరగాలని నా కోరిక అని చెప్పాను. తన సర్వీసులో అలాంటి కోరిక ఇంతవరకూ ఎవరూ కోరలేదన్నట్టు చూసి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

యారాడ సముద్రానికి కూడా అదే రెగ్యులేటరు బిగించారని నాకు తర్వాత తెలిసింది.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు, ఎనభై ఆరు కిలోలు. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. ఆ వయసులో ఆ బరువుతో మనుషులు సాధారణంగా బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడుస్తారు. నేను తెరచాప బిగించిన బోర్డెక్కి సముద్రంలోకి వెళ్లడం మొదలుపెట్టాను. దీన్ని విండ్‌సర్ఫింగ్ అంటారు. అందులో స్లాలమ్ అని ఒక రకం ఉంది. నీళ్లలో డ్రమ్ములు తేలేలా వదిలి, వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ పందెం పెట్టుకోవడం. నాకు తెలిసి ఊళ్లో ఈ పని చేసేవాళ్లం ఏడుగురం. ఏడుగురినీ ఇళ్లలో ఒకే రకంగా చూసేవారు.

నా మొదటి బోర్డు పెద్దది. ఎనభై రెండు సెంటీమీటర్ల వెడల్పు, నూట ముప్పై లీటర్లు. పాలూ కిరోసినూ కొలిచే లీటర్లే ఇవి. బోర్డు ఎంత బరువు మోస్తుందో వీటితో చెబుతారు. గాలి నీరసంగా ఉన్నప్పుడు పెద్ద బోర్డు, పెద్ద తెరచాప కావాలి. లేకపోతే బోర్డు నీళ్ల మీదికి లేచి జారదు, నానుతూ ఉంటుంది. అదే పెద్ద బోర్డుని గట్టి గాలిలోకి తీసుకెళ్తే ముక్కు పైకెత్తి, మనిషిని చేటలో బియ్యంలా చెరిగి అవతల పోస్తుంది. అలా రెండుసార్లు పోయబడ్డాక రెండో బోర్డు తెచ్చుకున్నాను. అరవై సెంటీమీటర్లు, తొంభై రెండు లీటర్లు. గట్టి గాలికి అది కత్తిలా పోతుంది. గాలి ఆగిందంటే మాత్రం నేనూ, తెరచాపా, తడిసిన నా బట్టలూ కలిసి తొంభై రెండు లీటర్లకి కొంచెం ఎక్కువ బాధ్యతే. ఈ రెండింటికీ మధ్య సైజు ఒకటుందని, అదీ ఉంటేగాని సెట్టు పూర్తికాదని తెలిసినవాళ్లు చెప్పారు. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.

రెండు బోర్డులూ హాల్లో గోడకి ఆనించి ఉండేవి. వచ్చిన చుట్టాలు వాటిని ఇస్త్రీ బల్లలనుకుని, ఇంత పెద్దవెందుకని అడిగేవారు. మా ఆవిడ లెక్కల టీచరు. సోమవారం నుంచి హాల్లో పదో తరగతి పిల్లలకి ట్యూషన్ మొదలుపెట్టబోతోంది. పదిమంది చేరారు. రెండు బోర్డులుంటే హాల్లో ఎనిమిదిమందే పడతారు. లెక్కల టీచర్లు కోప్పడరు, షరతు పెడతారు. ఆదివారం యారాడలో మా పందెం ఉందని ఆమెకి తెలుసు. ఆ రోజు మీరు దేని మీద ఒడ్డుకొస్తే అది ఇంట్లో ఉంటుంది, రెండోది ఉండదు అంది.

న్యాయంగానే ఉందనిపించింది. కానీ పందేనికీ ఒక నియమం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఎవరు ఏ బోర్డు వాడతారో కాగితం మీద రాసివ్వాలి, తర్వాత మార్చకూడదు. అంటే ఆదివారం ఒంటిగంటకి నేను రాసే ఒక్క మాట మీద, మిగిలిన జీవితమంతా నేను ఏ గాలికి సముద్రంలోకి వెళ్లొచ్చు, ఏ గాలికి ఒడ్డున కూర్చోవాలి అన్నది ఆధారపడి ఉంది. పెళ్లిచూపులకి కూడా ఇంతకంటే వ్యవధి ఇచ్చారు.

నేను కంగారుపడలేదు. నా దగ్గర ఒక పద్ధతి ఉంది.

ఫోన్లో గాలి చెప్పే యాప్ ఉంటుంది గాని, అది ఊరు మొత్తానికి ఒకటే గాలి చెబుతుంది. మధ్యలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్న విషయం దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. నా పద్ధతి వేరు. యారాడ ఒడ్డున ఒక పెద్దావిడ చేపలు ఎండబెడుతుంది. ఇసుక మీద పాత వల పరిచి, దాని మీద నెత్తళ్లు పల్చగా పోసి, పైన ఇంకో వల కప్పి, అంచుల వెంట రాళ్లు పెడుతుంది. గాలి పెరిగితే పై వల లేస్తుంది కాబట్టి రాళ్లూ పెరుగుతాయి. ఇది కనిపెట్టింది నేనే. మిగతా ఆరుగురూ సముద్రం వైపు చూస్తుంటే నేను చేపల వైపు చూసేవాణ్ని. మూడు నెలల పాటు ప్రతి ఆదివారం చిన్న పుస్తకంలో రాసుకున్నాను. రాళ్లే లేకపోతే తెరచాప విప్పడం దండగ. మూడో నాలుగో ఉంటే పెద్ద బోర్డు. ఏడూ ఆపైన ఉంటే చిన్నది. ఐదారు రాళ్ల రోజుల్లో టీ తాగుతూ ఆవిడ ఇంకో రాయి కోసం వంగుతుందేమోనని ఎదురుచూసేవాణ్ని. తొమ్మిది ఒక్కసారే చూశాను, అది వాయుగుండం పట్టిన ఆదివారం. మూడు నెలల్లో ఒక్క తప్పు లేదు. మా ఫ్యాక్టరీలో ఏడాదికి రెండుసార్లు సరిచూసే పరికరాలు కూడా ఇంత నిజాయితీగా ఉండవు.

ఆవిడకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. తనని చూసి లెక్క రాసుకుంటున్నారని తెలిస్తే ఎంతటి మనిషైనా లెక్క పాడుచేస్తాడని మా వృత్తిలో ఒక నమ్మకం. ఎదురుపడితే బాగున్నావా అమ్మా అనేవాణ్ని, చూపు రాళ్ల మీదే ఉంచి. నేనొచ్చినప్పుడల్లా ఆవిడ చేపలు తన వైపు కొంచెం దగ్గరగా జరుపుకునేది. ఎందుకో అప్పట్లో ఆలోచించలేదు.

బోర్డుల్ని యారాడ చేర్చేది మా బావ. చుట్టరికమేమీ లేదు, ఫ్యాక్టరీలో నాకు ముందు షిఫ్టు మనిషి. విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం. ఈత రాదు. నీళ్లనేవి చేలో మడమ దాకా ఉండాలి, అంతకు మించితే ఎవరో గట్టు సరిగ్గా వెయ్యలేదని అతని అభిప్రాయం. కానీ అతని తమ్ముడికి ట్రాలీ ఆటో ఉంది. రెండు బోర్డులు దేనికో మా ఆవిడకి రెండేళ్లుగా వివరిస్తున్నాను. బావకి వివరించనే అక్కర్లేకపోయింది. మొదటిసారి వాటిని ఆటోలోకి ఎక్కిస్తూనే, "పొడి దుక్కికొక నాగలి, తడి దుక్కికొకటీ. అంతే గదా బావా" అన్నాడు.

ఆదివారం మా ఆవిడ కూడా వచ్చింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. గొడుగు, దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట, కుట్టు టేపు తెచ్చుకుంది. టేపు దేనికని నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

పందెం ఏర్పాట్లు మేమే చేసుకున్నాం. డ్రమ్ములు పూర్ణా మార్కెట్లో దొరికాయి, వాటికి ఊరగాయ వాసన ఇంకా పోలేదు. పోటీదారులు నీరసపడకూడదని ఒకాయన బిరియానీ పొట్లాలు తెప్పించాడు. పన్నెండింటికల్లా కొబ్బరిచెట్ల కింద కూర్చుని తిన్నాం. యారాడలో ఎన్ని కుక్కలున్నాయో నాకు ఆ రోజే తెలిసింది.

పావు తక్కువ ఒంటిగంటకి చెయ్యి కడుక్కుని నా పరికరం దగ్గరికి వెళ్లాను. రాళ్లు లెక్కపెట్టాను. తప్పు లెక్కపెట్టానేమోనని అటు నుంచి ఇటు మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు.

జేబులోంచి పుస్తకం తీసి చూశాను. పదకొండు రాళ్ల గాలి నా పుస్తకంలో లేదు, బహుశా ఎవరి పుస్తకంలోనూ ఉండదు. పెద్దావిడ పన్నెండోది చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది. నేరుగా వెళ్లి కాగితం మీద చిన్న బోర్డు అని రాసి సంతకం పెట్టాను.

బావ నా భుజం మీంచి చూశాడు. "కొబ్బరాకు కూడా కదల్డం నేదు బావా. సిన్నదాని మీదెలాగెల్తావు?"

"పదకొండు" అన్నాను.

"ఏటి పదకొండు?"

"రాళ్లు."

అతను రాళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇంకో బిరియానీ పొట్లం విప్పుకోడానికి వెళ్లాడు. మిగతా ఆరుగురూ పెద్ద బోర్డులు రాశారు. వాళ్లని చూస్తే జాలేసింది. మూడింటికి పందెం మొదలవగానే వాళ్లు ఎలా ఎగిరి ఎక్కడెక్కడ పడతారో ఊహించుకుంటూ, నా తెరచాపల్లో అన్నిటికంటే చిన్నది బిగించాను. ఒకాయన దగ్గరికొచ్చి ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగాడు.

మూడింటికి ఈల ఊదారు. సముద్రం రెగ్యులేటరు ఒకటికీ నాలుగుకీ మధ్య ఎక్కడో ఉంది. ఆరు పెద్ద బోర్డులూ కొంచెం నాని, కొంచెం ఆలోచించి, మెల్లగా లేచి జారుకుంటూ వెళ్లిపోయాయి. నేను మొదటి డ్రమ్ము దాకా ఎలాగో వెళ్లాను. అక్కడ ఉన్న కాస్త గాలీ నన్ను వదిలేసింది. బోర్డు చప్పుడు లేకుండా నీళ్ల కిందికి దిగింది. నేను పడలేదు, అది గమనించాలి. మోకాళ్ల దాకా నీళ్లలో, తెరచాప పట్టుకుని, నిటారుగా నిలబడే ఉన్నాను, వానాకాలంలో రైల్వే వంతెన కింద బస్సు కోసం నిలబడ్డవాడిలా. గాలి ఇంకో పది నిమిషాల్లో వస్తుందని నా నమ్మకం. చేపల పెద్దావిడకి ముందే తెలిసి ఉంటుంది, అంతే. మిగతావాళ్లు నన్ను రెండుసార్లు చుట్టి వెళ్లారు. మూడో డ్రమ్ము దాకా ఉండాల్సిన ఊరగాయ వాసన అంతా నా డ్రమ్ము దగ్గరే ఉన్నట్టనిపించింది.

చాలాసేపటికి ఒక ఇంజను తెప్ప అటుగా వచ్చింది. వల లాగి తిరిగొస్తున్న ఇద్దరు ఇంజను ఆపి నన్ను చూశారు. సముద్రం మధ్యలో మోకాలి లోతున మనిషి నిలబడి ఉండడం వాళ్ల అనుభవంలో లేనట్టుంది.

"ఏటి బాబూ, ఏటైనా పడిపోయిందేటి ఇక్కడ?" అన్నాడు పెద్దవాడు.

పందెంలో ఉన్నానని చెప్పాను. ఇద్దరూ పందెం కోసం చుట్టూ చూశారు.

"అది అయిపోనాదండి. ఆళ్లు ఒడ్డున టీ తాగతన్నారు" అన్నాడు.

నేను తెప్ప మీద, నా వెనక తాడు కట్టిన చిన్న బోర్డు, దాని వెనక తెరచాప. ఆ వరసలో ఒడ్డు చేరాం. షరతు గుర్తున్న బావ నీళ్ల అంచుదాకా ఎదురొచ్చి, వెనక్కి తిరిగి మా ఆవిడతో, "అక్కా, బావ తెప్ప మీదొచ్చాడు. మరి హాల్లో తెప్పెట్టుకుంటావేటి?" అన్నాడు.

మా ఆవిడ దిద్దిన పేపర్లు కట్ట కడుతోంది. నా చూపు అప్పటికే ఆమె పక్కనున్న దాని మీద పడింది. నా పెద్ద బోర్డు ఇసుక మీద పడుకుని ఉంది. ఊగకుండా దానికి రెండు వైపులా రాళ్లు పెట్టారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెండిలా మెరుస్తూ నెత్తళ్లు. కాళ్లు దోపుకునే పట్టీలో ఒక తాటాకు విసనకర్ర దోపి ఉంది.

నేను సముద్రంలో నిలబడ్డ వ్యవధిలో ఇద్దరాడవాళ్లూ ఒకే గొడుగు కింద కూర్చుని మాట్లాడుకున్నారట. నేల మీద పోస్తే చేపలకి ఇసుక అంటుతోందని, కొనేవాళ్లు మూతి ముడుస్తున్నారని పెద్దావిడ చెప్పిందట. ఖాళీగా పడుంది కదా, దీని మీద పోసుకోండి, ఇక మీదే అని మా ఆవిడ చెప్పిందట. పైన కాలు జారకుండా గరుకుగా ఉంటుంది కాబట్టి చేపలూ జారడం లేదని ఆవిడ చాలా మెచ్చుకుంది. అది తేలికపాటి గాలి కోసం ప్రత్యేకంగా చేసిన బోర్డని నేను మా ఆవిడకి చెప్పాను. ఇప్పుడున్నది తేలికపాటి గాలే కదండీ అంది.

తర్వాత టేపు తీసి, తడి ఓడుతున్న చిన్న బోర్డు వెడల్పు కొలిచింది. అరవై. బీరువా పక్క సందు అరవై రెండు, శనివారమే కొలిచి పెట్టుకుందట. ఇది పట్టుకొచ్చెయ్యండి, పదిమందీ పడతారు అంది. అప్పుడు అర్థమైంది, పెద్ద బోర్డు ఈ పందెం శనివారమే ఓడిపోయిందని. గాలి బలాన్నీ, మనిషి బరువునీ, తెరచాప వైశాల్యాన్నీ బట్టి బోర్డు సైజు ఎంచుకోవాలని తెలిసినవాళ్లందరూ చెబుతారు. బీరువా పక్క సందు గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పరు. మొత్తానికి, ఒంటి మీదికి వాయుగుండం వస్తే తప్ప కదలని బోర్డొకటి నా జీవితానికి మిగిలింది.

బావ ఆటో తేవడానికి వెళ్లాడు. నేను పెద్దావిడ పక్కన ఇసుకలో కూర్చున్నాను. ఇక దాచడానికేమీ లేదు. మూడు నెలల సంగతి, పుస్తకం సంగతి, మూడు రాళ్ల బోర్డు, ఏడు రాళ్ల బోర్డు, ఈ రోజు పదకొండు, అంతా వరసగా చెప్పాను. ఆవిడ నెత్తళ్లు తిరగేస్తూ చివరిదాకా వింది. ఇవాళ రాళ్లు గాలికి పెట్టలేదంది. ఎవరో మారాజులు బిరియానీ తెచ్చారట, ఊళ్లో కుక్కలన్నీ ఇటే చేరాయట, పొట్లాలు నాకడం అయ్యాక వల పీకుతుంటే దొరికిన రాయల్లా తెచ్చి బరువు పెట్టిందట. ఆ మారాజుల్లో నేనూ ఒకణ్నని చెప్పలేదు. చేతిలో పుస్తకం తడిసిపోయింది, దాన్నే తిప్పుతూ కూర్చున్నాను.

ఆవిడ ఆఖరి వరస తిరగేసి, చెయ్యి చీరకి తుడుచుకుని నా వైపు చూసింది.

"గాలెంతుందో తెలీడానికి రాళ్లు లెక్కెట్టడమేటి బాబూ? నీకు మొకం నేదేటి?"