బీరువా రంగు చక్రాలు

మీరు శవాన్ని చూడటానికి రాలేదు. కారును చూడటానికి వచ్చారు.

ఈ మాట మొహం మీదే అంటున్నాను. మా మేనత్త పోయిన బుధవారం పొద్దున జనగామలో, దవాఖాన మంచం మీదే కన్ను మూసింది. ఫోన్ వచ్చినప్పుడు నేను భూపాలపల్లిలో ఉన్నాను. రఘునాథపల్లి దగ్గర ఆమె ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉంటే, మీలో సగం మంది పక్కనున్న రేకుల షెడ్డులో ఆమె పాత అంబాసిడర్‌కు ఆనుకొని ఫొటోలు దిగుతున్నారు. కింద 'ఉద్యమ రథం' అని రాసి ఒకరికొకరు పంపుకున్నారు. రథమట! అది కారు. ఉద్యమం కన్నా ముందు అది దొర కారు. ఆ ముక్క మీలో ఒక్కరూ రాయలేదు.

అంతలో ఒక నాయకుడు వచ్చాడు. దండ వేశాడు, దండం పెట్టాడు. రాష్ట్రం వచ్చిన రోజున ఏటా తీసే ఊరేగింపులో ఆ కారే ముందు నడుస్తుందని, ఈలోగా చక్రాలు గీకించి తమ జెండా రంగు వేయిస్తామని అక్కడికక్కడే ప్రకటించాడు. ఏడ్చి అలసిపోయిన ఇంటివాళ్లు మొహమాటానికి తల ఊపారు. మీరు చప్పట్లు కొట్టారు. చావు ఇంట్లో చప్పట్లు!

పెయింటరు ఆదివారం వస్తాడట. అందుకే ఈ రాత. ఆ చక్రాల సంగతి తెలియకుండా వాటిని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

ఆ కారు మా అత్తకు మామగారైన దొరది. నల్ల కారు, ఎర్ర చక్రాలు. దూరాన దుమ్ము లేస్తే చాలు, జనం చెప్పులు చేతిలో పట్టుకొని బాట దిగి నిలబడేవాళ్లు. ఆయన పోయాడు, కొన్నేళ్లకు మామయ్యా పోయాడు. కారు షెడ్డులో పడి ఉంటే మా అత్త పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. "కోళ్లు గుడ్లు పెట్టుకునేటందుకా గిది?" అని అడిగింది ఇంట్లోవాళ్లను.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బొగ్గు బావులు ఆగాయి. మహబూబాబాదులో సభ, అక్కడి నుంచి భూపాలపల్లిలో బొగ్గు కార్మికుల శిబిరం. అత్త కారు తీస్తానంది. ఉపన్యాసం నాది కాబట్టి నేనూ ఆమె ఇంట్లోనే దిగాను. మేం భూపాలపల్లి పోతున్నామని తెలిసి ఒక అవ్వ వచ్చింది. ఏళ్ల తరబడి దొర పొలంలో నాట్లు వేసిన మనిషి. కొడుకు భూపాలపల్లిలో బొగ్గు బావి కార్మికుడు, సమ్మెలో ఉన్నాడు. వాణ్ణి చూడాలి. దారి ఎటుపోతే దగ్గరో అడగడానికి వచ్చిందామె, కారు అడగడానికి కాదు.

"నడిచిపోవుడేంది అవ్వా, మా కారుల రా," అంది అత్త.

"నేనెక్క, దొరసాని."

"గంత దూరం నడుస్తవా? అవి కాళ్లా, కట్టెలా?"

"కట్టెలే అనుకో. గని ఆ ఎర్ర చక్రాలు జూస్తె ఇప్పటికి గుండె దడదడ అంటది. మీ మామ మొఖం నేనెన్నడు సక్కగ జూడలే. తల వంచుకొని నిలబడ్డోళ్లకు ఏం కనపడతది? చక్రాలే గద."

 అత్త కొంగు నడుముకు చుట్టుకుంది. "అల్లుడా, జాకీ తే," అంది.

నేను ఊరుకుంటానా? వాదన పెట్టుకున్నాను. "చక్రాలకు రంగేస్తే దొరతనం పోతదా అత్తా? భూమి సంగతేంది?"

"భూమి సంగతి నువ్వు సభల మాట్లాడు. పానా ఇటియ్యి."

కారును ఇటుకల మీద నిలబెట్టి నాలుగు చక్రాలూ ఊడదీశాం. కిరసనాయిలుతో జిడ్డు తుడిచి, ఉప్పు కాగితంతో ఎరుపంతా గీకాం. టైరుకు రంగు అంటకుండా టైరుకూ ఇనుముకూ మధ్య సందులో అడ్డంగా ఏవైనా అట్టలు పెట్టాలి. అత్త లోపలికి వెళ్లి పాత పెళ్లి పత్రికలన్నీ పట్టుకొచ్చింది. బంధువుల పెళ్లిళ్లన్నీ చక్రం చుట్టూ వరుసగా నిలబడ్డాయి. "గీ పిల్ల మొగనితోని పంచాయితి పెట్టుకొని వచ్చిందిరా, దీన్ని కిందికి పెట్టు," అంటూ ఒక్కొక్కటే నాతో దోపించింది.

రంగు ఏదన్న ప్రశ్న వచ్చింది. ఊరి కమిటీ వాళ్లు వాకిట్లో కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. ఒకాయన గులాబీ అన్నాడు, ఒకాయన ఎరుపే ఉండనీ అన్నాడు, ఇంకొకాయన నీలం అన్నాడు. చాయ్ తాగుతూ గొంతులు పెంచారు. అత్త లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి మూత ఊడగొట్టింది. "ఇంట్ల బీరువాకేసిన రంగు మిగిలింది. బీరువాకు ఏ పార్టీ లేదు." ముదురు బూడిద రంగు. ఎవరికీ నచ్చలేదు, కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

నేను మళ్లీ ఏదో అనబోతే, "గాలి తగిలితె రంగు పాడైతది అల్లుడా, జర నోరు మూయ్," అంది. ఇప్పటికీ ఎవరైనా రంగు వేస్తుంటే నా నోరు దానంతటదే మూతపడుతుంది.

తప్పు జరిగింది ఆ తర్వాతే. చినుకులు మొదలయ్యాయి. మూడు చక్రాలు షెడ్డులో పట్టాయి, నాలుగోదాన్ని పచ్చి రంగుతోనే జాగ్రత్తగా వసారాలోకి మోసుకొచ్చాం. అదే వానకు, వాకిట్లో ఆరబోసిన తొలి ఏరుడు పత్తిని కూలీలు మూటలతో తెచ్చి అదే వసారాలో గుమ్మరించారు. ఎగిరిన నూగు అణిగాక చూస్తే చక్రం నిండా తెల్లటి దూది. పత్తి పండించే ఇంట్లో వసారాలో రంగు ఆరబెట్టకూడదని మాకు తట్టనే లేదు. అత్త వానను, పత్తిని, నన్ను వరుసపెట్టి తిట్టింది.

మరునాడు అవ్వ వచ్చింది. ఆ చక్రాన్ని చూసి నిలబడిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక గడప మీద కూలబడింది.

"ఓయమ్మ! దొర చక్రానికి గడ్డం మొలిచిందే! గిది గూడ నా లెక్కనే ముసల్దైంది!"

"ఎక్కుతవా మరి?" అంది అత్త.

"ఎక్కుత. గీ ముసలిదాన్ని జూసి నేనేం భయపడత? గని దాన్ని గీకకు. గీకితె దిగిపోత."

"నువ్వు దొరసాని అంటే నేనే దించేస్త."

"అననియ్యి తియ్యి, అలవాటైన నోరు."

వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది అవ్వ. నర్సింహులపేట దాటేదాకా బయటికే చూసింది. రోడ్డు మీద జనం వాళ్ల పాటికి వాళ్లు పోతున్నారు. "ఎవ్వలు బాట దిగుతలేరేందే?" అంది చివరికి. "మనం దిగమన్నమా?" అంది అత్త. మహబూబాబాదులో సభ అయ్యాక, చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు దాటి శిబిరం ముందు ఆగితే కొడుకు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, గీ కారుల ఎట్లొచ్చినవే?"

"కూసోని వచ్చిన. ఎట్లొస్తరు మరి?"

నా ఉపన్యాసం ఆ రోజు బాగానే సాగింది. ఒక్క ముక్క గుర్తులేదు. ఈ మాట గుర్తుంది.

అత్త ఆ చక్రాన్ని గీకలేదు. ఎన్నిసార్లు రంగు వేసినా మిగతా మూడింటినే గీకేది. దీని మీద మాత్రం మెత్తటి కుంచెతో, దూది చెదరకుండా అద్దేది. అవ్వ పోయాక కూడా అంతే. ఆ నవ్వు విన్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

ఆమెను దేవతను చేయను. చక్రాలకు రంగు వేసింది గానీ భూమి వదల్లేదు. ఆ వాదన మా మధ్య చివరిదాకా తెగలేదు, అందులో నాదే న్యాయమని ఇప్పటికీ అంటాను. కానీ నా వ్యాసం అచ్చయిన ప్రతిసారీ పొద్దున్నే ఫోన్ చేసేది. "ఇయ్యాల ఎవలను తిట్టినవ్ అల్లుడా?" చదివి వినిపిస్తే సగంలో ఆపి తగువు పెట్టుకునేది. నన్ను పొగిడేవాళ్లున్నారు, తిట్టేవాళ్లున్నారు. తగువు పెట్టుకునే మనిషి పోయింది. ఇది రాస్తూ కూడా ఫోన్ వంక చూశాను. ఇది అచ్చయిన పొద్దున ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

కనుక నా డిమాండ్లు ఇవి.

ఆదివారం పెయింటరు రాకూడదు.

ఆ చక్రాల మీద ఏ జెండా రంగూ పడకూడదు.

దూది అంటిన చక్రాన్ని గీకకూడదు. దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవాలి, అంతే.

రథం అన్న మాట వెనక్కి తీసుకోవాలి. దొర కారు అని రాయాలి, తర్వాత అందులో ఎవరు ఎక్కారో రాయాలి.

ఊరేగింపుకు మీ కార్లు మీకున్నాయి. ఈ కారు ఊళ్లో దవాఖానకు పోయేవాళ్లకు ఇవ్వాలి.

ఆమె పొట్టి మనిషి. కాళ్లు అందాలని, ఒకే బల్లలా ఉన్న ముందు సీటు మొత్తం ముందుకు లాక్కొని నడిపేది. అది ఇంకా అట్లాగే ఉంది. దాన్ని వెనక్కి జరపకూడదు. పక్కన కూర్చునేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా మోకాళ్లు ముడుచుకొని కూర్చోవాలి.