వంటింటి కిటికీలో నక్షత్రం

ఆయన కంటే ముందు ఆయన అనుమానం పుట్టిందని వీధిలోవాళ్లు నవ్వుకునేవారు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ ఆయన చెకింగాయన. బస్సెక్కగానే టికెట్లు చూడడు, ముందు మొహాలు చూస్తాడు. కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూసేవాడు, ఉన్నట్టుండి చెప్పులో రాయి వెతుక్కునేవాడు, ఎవరి పాపనో పట్టుకుని తెగ ముద్దు చేసేవాడు ఆయనకు చిక్కినట్టే. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునేవాళ్లను ఏరడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

చిక్కల్లా ఒకటే. ఆయన డ్యూటీ దిగినా ఆ చూపు డ్యూటీ దిగేది కాదు. భార్య పొరపాటున “కూర బావుందా?” అని అడిగితే, “ఎందుకడుగుతున్నావ్? ఏం తగ్గింది అందులో?” అనేవాడు. ఆవిడ నెమ్మదైన మనిషి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లూ కర్టెన్లూ కుట్టేది. నోట్లో దారం పెట్టుకుని కుడుతుంది కాబట్టి జవాబు చెప్పనవసరం ఉండేది కాదు.

క్రిస్మస్ అలంకరణల విషయంలో ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చాకే నక్షత్రం కట్టాలి. వీధివైపు వరండాలోనే కట్టాలి. కొత్త సంవత్సరం వచ్చాక, జనవరి ఆరున జ్ఞానుల పండుగ సాయంత్రం విప్పి అటకెక్కించాలి. “ముందు కడితే ఆత్రం, తర్వాత ఉంచితే బద్ధకం” అనేవాడు. పండుగకు కూడా టికెట్ కొట్టి, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో చెప్పే మనిషి.

ఆ చట్టమే అన్నదమ్ములను విడదీసింది. ఒక ఏడు క్రిస్మస్ వెళ్లిన మూడోనాడు వాళ్ల అమ్మ పోయింది. ఇల్లంతా ఆవిడ తన చేత్తో కత్తిరించి అతికించిన రంగుకాగితాల గొలుసులు వేలాడుతున్నాయి. జ్ఞానుల పండుగ రాగానే ఈయన స్టూలెక్కి వాటిని చరచరా లాగేశాడు. తమ్ముడికి ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. సాయంత్రం దుకాణం మూసి వచ్చేసరికి గోడలు బోసిగా ఉన్నాయి.

“అమ్మ చేత్తో కట్టినవి అన్నయ్యా! నాలుగు రోజులుంటే నీ సొమ్మేం పోయింది?”

“తీసే రోజొచ్చింది, తీశాను.”

“రేపు నాకూ ఒక రోజొస్తుంది. అప్పుడూ ఇలాగే స్టూలెక్కు.”

తమ్ముడు అదే పూట పెట్టె సర్దుకుని దుకాణం వెనక గదికి మారిపోయాడు. “వాడి పేరు ఈ ఇంట్లో వినపడకూడదు” అని ఈయన భార్యతో చెప్పాడు. ఆవిడ “సరే” అంది. అన్నట్టే, పేరు వినపడనివ్వలేదు. అలా ఏళ్లు గడిచాయి.

ఈ ఏడు నవంబరు ఇంకా సగం కూడా కాలేదు. ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి కిటికీలో ఎర్రటి నక్షత్రం వెలుగుతోంది. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఏంటిది?”

“నక్షత్రం.”

“అది నాకూ తెలుసు. ఇప్పుడెందుకు? ఇక్కడెందుకు?”

“ఊరికే. ఈసారి వంటింట్లో పెట్టుకుందామనిపించింది.”

ఊరికే! చెకింగాయన దృష్టిలో లోకంలో ఊరికే జరిగేది ఏదీ లేదు. వీధిలోకి కనపడని నక్షత్రం ఎవరి కోసం? వంటింటి కిటికీ అవతల సన్నటి సందు, దాని పక్కన పెద్దాసుపత్రి ప్రహరీ, ఆ వెనక వరసగా ఆసుపత్రి కిటికీలు. అటు చూసేవాళ్లెవరు?

ఆ రోజు నుంచి ఆయన సొంత ఇంట్లోనే తనిఖీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం పూట మిషను మీద గుడ్డ కప్పి ఉంటోంది. ఇంట్లో ఉండాల్సిన చిన్న క్యారియర్ ఒక్కోరోజు కనపడదు, మర్నాడు కడిగి బోర్లించి ఉంటుంది. దగ్గరికి వస్తే ఆవిడ చీర మీద ఏదో మందుల వాసన. చీకటి పడుతుండగానే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ముందు వెళ్లి స్విచ్చి వేస్తోంది. పై అంతస్తు టీచరమ్మ మెట్ల మీద ఎదురై, “మీ ఇంటికి క్రిస్మస్ తొందరగా వచ్చినట్టుందే!” అని నవ్వితే, ఆ నవ్వులో కూడా ఏదో ఉందనిపించింది.

మొదట ఆవిడకేదో జబ్బు చేసింది, దాస్తోంది అనుకున్నాడు. ఆ రాత్రి పక్కన పడుకుని ఆవిడ ఊపిరి వింటూ మేలుకుని ఉన్నాడు. ఆవిడ హాయిగా గుర్రు పెట్టింది. జబ్బు కాదు. మరైతే? ఆ తర్వాత వచ్చిన ఆలోచన ఆయనకే సిగ్గనిపించింది. కానీ సిగ్గు పోయింది, ఆలోచన మాత్రం మిగిలింది. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఈ వయసులో కిటికీలో దీపం పెట్టి ఎవరికి సైగ చేస్తోంది? బస్సులో నిలబడి చెయ్యి చాచి కూడా, ఎదుటివాడిచ్చిన టికెట్ చూడకుండానే తిరిగిచ్చేస్తున్నాడు. ఆయన కింద పనిచేసే కుర్ర చెకింగులు మొహాలు చూసుకున్నారు.

అడిగేస్తే పోయేది. అడగడం ఆయన చేతకాని పని. ఒక పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నక్షత్రంలోంచి బల్బు ఊడదీసి జేబులో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. సైగ ఆగితే సైగ అందుకునేవాడు బయటపడక తప్పదని ఆయన లెక్క.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యి ఆర్పేసి ఉంది. చీకటి పడినా నక్షత్రం వెలగకపోయేసరికి ఆవిడ బల్బు కొనడానికి పరుగెత్తింది. ఆ తొందరలో ఫోను బల్ల మీదే వదిలేసింది. ఆయన చూస్తుండగానే అది మోగింది. ఎత్తి చెవికి ఆనించాడు.

“అక్కా, ఇవాళ నక్షత్రం వెయ్యలేదేంటి?” ఒక ఆడగొంతు గబగబా అడిగింది. “మీ మరిది అటే చూస్తూ కూర్చున్నాడు. మాత్రలు మింగనంటున్నాడు. వదినకేమైనా అయిందేమో చూసి రండి సిస్టర్ అని ఒకటే గోల.”

ఆవిడకు ఉన్నది ఒక్కడే మరిది.

“ఏ వార్డు?” అన్నాడు చెకింగాయన.

“ఎవరండీ మీరు?”

“నేను... వాడి అన్నయ్యని.”

“ఓహో! ఆ అన్నయ్యా!” అంది సిస్టరు. ఆ మాటలో ఎంత కథ విన్నదో అంతా ఉంది. వార్డు నంబరు చెప్పి పెట్టేసింది.

ఆయన జేబులోంచి బల్బు తీసి బిగించాడు. స్విచ్చి వేశాడు. తర్వాత సందులోంచి చుట్టూ తిరిగి ఆసుపత్రి మెట్లెక్కాడు.

తమ్ముడు దిండ్ల మీద కాలు పెట్టుకుని కిటికీవైపు చూస్తూ నవ్వుతున్నాడు. గడ్డం నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. తల తిప్పి అన్నను చూశాడు. నవ్వు మాయమైంది.

“ఎవరు పంపారు నిన్ను?”

“ఎవరూ పంపలేదు.”

“నువ్వు ఊరికే రావు. నేను పోతానని డాక్టరేమన్నా చెప్పాడా?”

“లేదురా.”

“మరి ఆ నక్షత్రం తీసేస్తానని చెప్పడానికొచ్చావా?”

అన్న అటు తిరిగాడు. కిటికీలోంచి చూశాడు. సందు అవతల తన వంటిల్లు అరచేతిలో పెట్టినట్టు కనపడుతోంది. భార్య కొత్త బల్బు పట్టుకుని, వెలుగుతున్న నక్షత్రం ముందు కదలకుండా నిలబడి ఉంది. ఆ నిలబడిన తీరు చూస్తేనే తెలుస్తోంది, ఇప్పుడు అనుమానపడడం ఆవిడ వంతు.

“కాలికేమైంది?” అన్నాడు చివరికి.

“నిచ్చెన మీంచి పడ్డా. ఎముకకు చీము పట్టింది. తగ్గుతోందంటున్నారు. నాకు నమ్మకం లేదు.”

“నాకూ లేదు. ఆ మందులేవో ఇలా ఇవ్వు, చూస్తాను.”

ఇంటికి తిరిగొచ్చాక భార్య ముందు నిలబడ్డాడు. ఆవిడే మొదలుపెట్టింది.

“క్రిస్మస్ దాకా ఉంటానో లేదో వదినా, ఈసారి కాస్త ముందుగా పెట్టవా అన్నాడు. పెట్టాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“పేరెత్తొద్దన్నారు. పోనీ, అడిగుంటే చెప్పేదాన్ని. మీరు అడగరు కదా, తనిఖీ చేస్తారు.”

ఆయన “నేనేమనుకున్నానో తెలుసా” అనబోయి మింగేశాడు. ఆవిడ కొత్త బల్బు అలమరలో పెట్టింది. ఆయన ఏమనుకుని ఉంటాడో ఆవిడకు తెలిసే ఉంటుంది. ఆ రాత్రి కంచం కాస్త గట్టిగానే పెట్టింది.

ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగగానే వార్డుకే వెళ్లేవాడు. ప్రతి మాత్రా వెలుతురుకు పెట్టి చూసేవాడు. సెలైన్ సీసా మీద గడువు చదివేవాడు. “మీ అన్నయ్య వస్తుంటే మాకు డాక్టరుగారి రౌండు కూడా తేలికే అనిపిస్తోంది” అని సిస్టరు తమ్ముడితో అనేది. అన్నదమ్ముల మాటలు మాత్రం ముక్తసరిగానే నడిచేవి. క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం తమ్ముడు ఉన్నట్టుండి అడిగాడు.

“అమ్మ కాగితం గొలుసులేం చేశావ్?”

“పారేశాను.”

తమ్ముడు గోడవైపు తిరిగాడు. అటు తిరిగే అన్నాడు: “దాచానని అబద్ధం చెప్తావనుకున్నా.”

“చెబుదామనే అనుకున్నా. నువ్వు చూపించమంటావని భయమేసింది.”

తమ్ముడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకు అంతుపట్టలేదు. అడగాలని కూడా తోచలేదు. దుప్పటి పైకి లాగి కప్పాడు.

జ్ఞానుల పండుగ వచ్చింది, వెళ్లింది. నక్షత్రం కిటికీలోనే ఉంది. “ఇంకా తియ్యలేదేం?” అని టీచరమ్మ అడిగితే, “మా కిటికీ, మా ఇష్టం” అన్నాడు.

చలి తగ్గాక తమ్ముడు చంకకర్రలతో నేరుగా వాళ్లింటికే వచ్చాడు. ఇక మొదలైంది అసలు తంటా. నక్షత్రం తియ్యమని తమ్ముడంటాడేమోనని అన్న చూస్తున్నాడు. ఎప్పుడు తీసేస్తాడోనని తమ్ముడు అన్నను ఓరకంట కనిపెడుతున్నాడు. అన్న ఏ పనికి స్టూలు లాగినా తమ్ముడు చంకకర్రలు అందుకునేవాడు. ఎండలు ముదిరాయి. నక్షత్రం కాగితం వెలిసి గులాబీరంగుకు తిరిగింది.

ఒక ఆదివారం ఇద్దరూ భోజనానికి కూర్చునేసరికి కిటికీ ఖాళీగా ఉంది. అద్దాలు తళతళా మెరుస్తున్నాయి.

“నువ్వే తీశావ్” అన్నాడు తమ్ముడు.

“నేనా? నువ్వే తీసి నా మీద పెడుతున్నావ్!”

ఆవిడ కూరగిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

“నేను తీశాను. కిటికీ తుడుచుకోవాలా, అక్కర్లేదా? దాని నిండా సాలెగూళ్లు. తినండి ముందు.”

ఇద్దరూ ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశారు. తర్వాత కంచాలు దగ్గరికి లాక్కున్నారు.