ఇలారియో కట్టిన తేనెకోట

లుదివీనాకు అరవై నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఆమెకు అంతుపట్టనివి రెండే రెండని మా లోయలో అందరూ చెప్పుకునేవారు. ఒకటి, పెళ్లిళ్లలో మగవాళ్లు ఎందుకు పాడతారో. రెండోది, సనాబ్రియా కొండల్లోని తోడేళ్ల ఊరి నుంచి వచ్చిన ఇలారియోను తనెందుకు చేసుకుందో. ఈ రెండో మాట ఆమే అనేది, అదీ మొగుడికి వినపడేలా అనేది. ఆయన నవ్వేసి ఇంకో గ్లాసు సైడర్, అదే మా ఆపిల్ కల్లు, పోసుకునేవాడు. ఈ ఏడు మే నెలలో మూడోది వచ్చి నెత్తిన పడింది. తలుపు గడియ వేసింది వేసినట్టే ఉండగా, మనిషికి రెండింతల ఎత్తు గోడ దాటి ఎలుగుబంటి తేనెకోటలోకి ఎలా దిగుతోంది? దిగింది సరే, మళ్లీ బయటికి ఎలా పోతోంది?

తేనెకోటంటే కొండవాలులో గుండ్రంగా కట్టిన రాతిగోడ. లోపల వరసలు వరసలుగా బోలు దుంగలు, ఆ దుంగల్లో తేనెటీగలు. గోడ నెత్తిన పలకరాళ్లు బయటివైపు చూరులా పొడుచుకొచ్చి ఉంటాయి. ఎలుగు ఎంత పాకినా ఆ చూరుకు తల తగిలి కింద పడాల్సిందే. లుదివీనా నాన్నగారి కోట ఆమె చిన్నప్పుడే కూలిపోయింది. ఎలుగులు లేని కాలం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎలుగులు తిరిగొచ్చాయి. కిందటికి ముందటి శరత్కాలంలో ఇలారియో ఆ కోటను మళ్లీ ఎత్తాడు. డెబ్బై ఒకటో ఏట, ఒక్కడే, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా.

ఆ గోడ విలువేమిటో తెలియాలంటే మా బార్లో నలభై ఏళ్లు కూర్చుని ఉండాలి. అన్నేళ్లూ ఇలారియోను పేరు పెట్టి పిలిచిన మగాడు లేడు. "ఏమోయ్ తోడేలూ" అనేవాళ్లు. తేనె గురించి నోరు విప్పితే చాలు, "నీకేం తెలుసయ్యా ఎలుగు సంగతి?" అని నోరు మూయించేవాళ్లు. గోడ పూర్తయ్యాక మాత్రం ఊరు ఊరంతా కొండెక్కి వెళ్లి చూసింది. మాలో అందరికంటే నోటి దురుసు మనిషి బెలార్మీనో. ఆయన కూడా టోపీ తీసి, "ఇలారియో, నీ చేతికి దండం పెట్టాలయ్యా" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడు! ఆ రాత్రి ఇలారియో అన్నం ముట్టలేదు, అంత సంతోషం. క్రిస్మస్ రాకుండానే తలలో నరం చిట్లి పోయాడు. లుదివీనాకు ఆయన మిగిల్చి వెళ్లింది ఆ గోడ, అందులో పద్నాలుగు దుంగలు.

మేలో ఒక పొద్దున వెళ్లేసరికి నాలుగు దుంగలు పగిలి ఉన్నాయి. తేనెపట్టు ముక్కలు, చచ్చిన ఈగలు, అంతా జిడ్డు. తలుపు గడియ కదల్లేదు. అన్నిటికంటే వింత ఇంకోటి ఉంది. రెండు దుంగలు గోడకు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉన్నాయి. లుదివీనా వాటి ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి తల పట్టుకుని కూర్చుంది.

అటవీ కాపలాదారు నోయెలియా వచ్చింది. ముప్ఫై ఏళ్ల పిల్ల, పనిమంతురాలు. అడుగుజాడలు కొలిచింది, వెంట్రుకలు ఏరి కవర్లో వేసింది.

"ఎలుగేనమ్మా, అనుమానం లేదు. కానీ దుంగలు ఇలా నిలబెట్టడమేంటో నాకూ తెలీడం లేదు."

"చదువుకున్నదానివి, నీకే తెలీకపోతే నేనెవర్ని అడగాలే?"

"మీరు కోప్పడకుండా ఉంటే ఒక మాట. గోడ చుట్టూ కరెంటు తీగ లాగించేద్దాం. ఒక్క పూట పని."

"వద్దు."

"ఎందుకమ్మా?"

"ఆయన కట్టిన గోడకు తీగ తగిలిస్తే, ఈ గోడ పనికిరాదని ఊరికి చాటింపు వేసినట్టే. నేను బతికుండగా అది జరగదు."

రెండోసారి అదే తంతు. ఇంకో దుంగ పోయింది, ఇంకో రెండు గోడకు ఆని నిలబడ్డాయి. బెలార్మీనో కర్ర పొడుచుకుంటూ పైకొచ్చి, చూసి చూసి, పెదవి విరిచాడు.

"లుదివీనా, ఎలుగు తింటుంది, తొక్కుతుంది, పోతుంది. సామాన్లు సర్దిపెట్టి పోదు. ఇది దొంగ పని. దుంగ మీద కాలేసి గోడ దూకాడు వెధవ."

"మరి ఆ ఎలుగు జాడల మాటేంటి?"

"ముందు దొంగ వచ్చాడు, వెనక ఎలుగు వచ్చింది. లేకపోతే ముందు ఎలుగు, వెనక దొంగ."

"ఇద్దరూ కలిసి వచ్చారని కూడా అనరాదూ, చేతులు పట్టుకుని!"

"నవ్వు, నవ్వు. రేపు మిగిలిన తొమ్మిదీ పోతే అప్పుడు నవ్వుదువుగాని. గొలుసులేసి బండలకు కట్టెయ్, చెప్తున్నా."

మాటలతో కొట్టిపారేసింది గానీ, ఇంటికొచ్చాక లుదివీనా బుర్ర గిర్రున తిరిగింది. బెలార్మీనో మీదే అనుమానం వచ్చింది. మర్నాటికి ఊరికి రొట్టెలు తెచ్చే బండివాడి మీదికి మళ్లింది. ఆఖరికి, దేవుడు క్షమించాలి, పోయిన మొగుడి మీద కూడా పడింది. ఒకవేళ ఆయనే వచ్చి దుంగలు సర్దిపోతున్నాడా? "ఛీ, ఛీ, మతి పోతోంది నాకు" అని తన నెత్తిన తానే మొట్టుకుంది. నోయెలియా మాత్రం మెత్తగానే తెగేసి చెప్పింది, ఇంకొక్కసారి జరిగితే మిగిలిన దుంగలన్నీ ఊళ్లోకి దింపేద్దామని. కోట ఖాళీ అయిపోతుందన్నమాట. ఆ మాట విన్నాక లుదివీనా మర్నాడే గొలుసులు కొని, తొమ్మిది దుంగలనూ కింది బండలకు కదలకుండా బిగించింది.

జూన్ మూడో వారంలో, మంచు విడిపోయి ఎండ వచ్చిన వేళ, ఆమె కొండెక్కింది. కోట ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే లోపల ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు.

"దొరికావురా దొంగసచ్చినోడా!" అని కేకేసింది. "తొమ్మిదీ గొలుసులతో కట్టేశాగా, ఇప్పుడు దేని మీద ఎక్కుతావో ఎక్కు! ఎవడి కొడుకువి నువ్వు? పేరు చెప్పు!"

దొంగ పేరు చెప్పలేదు. బుసకొట్టాడు. ఆమె తలుపు సందులోంచి కన్నుపెట్టి చూసింది. లోపల ఉన్నది ఆ మహానుభావుడే, అంటే ఎలుగే. మూతినిండా తేనె, ముక్కు ఈగలు కుట్టి ఉబ్బిపోయింది, చెవుల్లో ఈగలు. గోడ పక్కనే తిరుగుతోంది, ఆగుతోంది, వచ్చిన దారి ఎక్కడా అన్నట్టు పైకి చూస్తోంది. రాళ్లు పట్టుకుని పైదాకా ఎక్కింది, తల పలకరాయికి తగిలింది, ధబ్బున కింద పడింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. ఒక దుంగను రెండు చేతులా పట్టుకుని లాగింది. గొలుసు ఊడలేదు. అప్పుడది నడిమధ్యలో కూలబడి, నిజం చెప్తున్నాను, మనిషిలా మూలిగింది.

లుదివీనా నోరు వెళ్లబెట్టింది. లోపలున్న ఎలుగు తల చూరుకు ఎలా తగులుతోంది? చూరు ఉండాల్సింది బయట కదా!

వెనక్కి నాలుగడుగులు వేసి తలెత్తి చూసింది. గోడ నెత్తిన ఇలారియో రెండువైపులా వేలాడేలా దట్టంగా పరిచిన ముళ్లకంప రెండు చలికాలాలకు చివికి, ముందు ఒక మూల సందు పడి, ఇప్పుడు పూర్తిగా రాలిపోయింది. ఇన్నాళ్లూ ఆ కంప కప్పేసినందువల్ల రాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు చూస్తే బయటివైపు గోడ నున్నగా పైదాకా ఉంది. పలకరాళ్లన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. కంప ఉన్నన్నాళ్లూ అదే ఎలుగును ఆపింది. కంపలో సందు పడ్డాక ఎలుగు సుఖంగా ఎక్కి దిగింది. బయటపడే దారి లేక దుంగలు గోడకు చేర్చి, వాటి మీదెక్కి, ఎలాగో పోయింది. ఈసారి ఆ దుంగలను లుదివీనాయే కట్టేసింది.

ఆమె అక్కడే గడ్డిలో కూర్చుండిపోయింది. అలాంటి గోడ ఆమె ఒక్కసారే చూసింది, పెళ్లయిన కొత్తలో అత్తగారి ఊళ్లో. తోడేళ్లను పట్టే గోడ. లోపల మేకను కట్టేస్తారు. తోడేలు దూకుతుంది, లోపలికి తిరిగిన చూరు వల్ల మరి బయటికి రాలేదు. మామగారు అలాంటివి కట్టడంలో పేరున్నవాడు. పదేళ్ల ఇలారియో ఆయనకు రాళ్లందించేవాడట.

కిందటికి ముందటి శరత్కాలంలో సాయంత్రాలు ఇలారియో చేతులు కడుక్కుంటూ, "ఈసారి అది బయటికి రాలేదు" అనేవాడు. "లోపలికి రాలేదు అనవయ్యా మగడా" అని ఆమె నవ్వేది. ఒకరోజు, "మేకను కట్టారా?" అని అడిగాడు. వాళ్లింట్లో ఏనాడూ మేక లేదు. "సైడర్ ఎక్కువైంది నీకు" అని ఆమె కసిరింది. ఆయన అయోమయంగా చూసి, నొచ్చుకుని, మంచమెక్కాడు. సైడర్ కాదు, ఏమీ కాదు. అప్పటికే ఆయన మనసు ఆమె దగ్గర లేదు. వాళ్ల నాన్న పక్కన, చిన్ననాటి కొండ మీద, రాళ్లందిస్తూ ఉంది. రెండు నెలలు ఒకే మంచం మీద పడుకుని కూడా తను కనిపెట్టలేకపోయింది! "కసిరాను కదయ్యా నిన్ను" అని ఆమె గోడతో అంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

లోపల ఎలుగు మళ్లీ ఎక్కి మళ్లీ పడింది.

లుదివీనా కళ్లు తుడుచుకుని లేచింది. గడియకు తాడు కట్టి, దూరంగా పెద్ద బండ మీదికెక్కి లాగింది. తలుపు తెరుచుకుంది. ఎలుగు చాలాసేపు రాలేదు. వచ్చాక గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూసింది, ఎటు పోవాలో తెలియనట్టు. "పో నాయనా, పో. ఇంటికి పో" అంది ఆమె. అది నిదానంగా చెట్లలోకి వెళ్లిపోయింది.

కబురందుకుని మధ్యాహ్నానికి నోయెలియా, వెనకాలే బెలార్మీనో వచ్చారు. బెలార్మీనో తలెత్తి చూసిన మరుక్షణం పగలబడి నవ్వాడు.

"ఓరి దేవుడో! చూరు లోపలికి పెట్టాడు! తోడేలు తోడేలే అనిపించుకున్నాడు! వీడి గోడకా నేను టోపీ తీసింది?"

"ఆయన కాదు," అంది లుదివీనా. "నేను."

"ఏంటీ?"

"గోడ ఆయన కట్టాడు. పైన పలకలు నేను పెట్టాను. ఆయనకు జ్వరమొచ్చి పడుకుంటే, నేనే వచ్చి పెట్టాను. ఇలా కాదని ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను వినలేదు."

బెలార్మీనో ఆమె కేసి చూశాడు, ఆమె నడుం ఎత్తుకైనా లేపలేని ఆ పలకల కేసి చూశాడు. "నువ్వా? తేనెకోటలో పుట్టిపెరిగినదానివి, నువ్వు?"

"నేనే. ఏం, బుద్ధి తక్కువై పెట్టాను."

నోయెలియా పుస్తకం తీసి, పలకలు తిప్పించాలని మాత్రం రాసుకుంది.

పలకలు తిప్పడానికి నలుగురు మగవాళ్లకు ఐదు రోజులు పట్టింది. ఆ ఆదివారం లుదివీనా బార్లోకి కాఫీకి వెళ్తే అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. "లుదివీనా, ఇంటి కప్పు కూడా తిరగేసే వేయించావా?" "గొడుగు ఎటు పడతావే నువ్వు?" అని ఆట పట్టించారు. ఆమె పుట్టింటి పరువు, నాన్నగారి పేరు, అన్నీ ఆ బల్ల మీదే పోయాయి. ఆమె తలొంచుకుని కాఫీలో చక్కెర కలుపుకుంది.

"పాపం ఇలారియో," అన్నాడు బెలార్మీనో గ్లాసు పైకెత్తి. "అంత మంచి గోడ కట్టాడు, ఈవిడ చేతిలో పెట్టిపోయాడు."

"అవును," అంది లుదివీనా. "చాలా మంచి గోడ."